అప్‌డేట్ చంపిన ఫోన్

“నీ ఫోన్‌ను చంపింది కంపెనీవాళ్లే, ఆపా! పాత ఫోన్‌కు తప్పుడు అప్‌డేట్ పంపిన్రు.”

లాడ్ బజార్ రిపేరు దుకాణంలో మెకానిక్ మాట విని, లక్కగాజులు చేసే ఆమె కౌంటర్ మీదికి వంగింది. గాజులు అమ్ముడుపోయాక వాటి నమూనా మిగిలేది ఆ ఫోన్ ఫొటోల్లోనే.

“సర్వీస్ సెంటర్ల కొత్తది కొనుక్కోమన్నరు, భాయ్. ఫొటోలు పోతయా?”

“మొత్తం తుడిచి ఎక్కిస్తే పోతయి. నేను సాఫ్ట్‌వేర్ ఫైలు ఒక్కటే మళ్ల ఎక్కిస్తున్న, ఫొటోల జోలికి పోను. వైరు కదిలియ్యకు!”

“ఊపిరే ఆపుకున్న, వైరేం కదిలిస్త?”

“అరే, వెలిగింది చూడు!”

“ఫొటోలు తెరువు, జల్ది! యా అల్లా, గిదే! నెమలికంఠం రంగు జోడీ! పెళ్లిపిల్ల అడిగింది గిదే!”

“మస్తు! ఇంటికి పోయి పని షురూ చెయ్.”

“పని తర్వాత. మా గల్లీల ఆడోళ్ల ఫోన్లు గూడ గిట్లనే సచ్చినయి. నువ్వెక్కించిన ఫైలు కంపెనీ దగ్గర లేదా?”

“ఎందుకు లేదు? బయటికియ్యరు. నేనెట్లనో సంపాయించిన. అందరికిస్తే కొత్త ఫోన్లెవరు కొంటరు?”

“అయితే షట్టర్ దించు, భాయ్! ఆ ఫోన్లన్నీ పట్టుకొస్త, ఇద్దరం సర్వీస్ సెంటర్ ముందు ధర్నాకు కూసుందాం. కంపెనీ ఆ ఫైలు అందరికీ ఇయ్యాల్సిందే. రేపు గాదు, ఇయ్యాలనే!”