ఇనుము చీటీ మింగిన ఫెరిదే కుచాలి గారు

1969 సెప్టెంబరు 12వ తేదీన అల్బేనియా రాజధాని తిరానాలోని మా నిఘంటు విభాగంలో చేరిన శ్రీమతి ఫెరిదే కుచాలి గారు నేడు పదవీ విరమణ చేస్తున్నారు.

తొలినాళ్ళలోనే వారికి అప్పగించిన పదం ‘హెకుర్’, అనగా ఇనుము. దాని పుట్టుక గ్రీకుల లంగరు పేరులో ఉందని కొందరు పండితులు, కాదని మరికొందరు వాదించుకుంటుండగా, ఫెరిదే గారు కొండ గ్రామాల కమ్మరి కొలుముల చెంత కూర్చుని ఆ మాటను జనం ఎన్ని విధాల వాడుతున్నారో చీటీలపై వ్రాసుకొచ్చారు. గట్టి ఆరోగ్యం ఇనుము, మొండి మనిషి ఇనుము. బహువచనంలో చెబితే జైలు ఊచలు, బేడీలు కూడా ఇనుములే. ప్రతి చీటీ అడుగున చెప్పినవారి పేరు, ఊరు ఉండితీరాలన్నది మా విభాగపు నియమం. ఆ నియమమే 1975లో మా ప్రాణం మీదికి తెచ్చింది.

‘బేడీలు’ అన్న అర్థానికి వారు ఉదాహరణగా ఉంచినది ఒక పల్లెటూరి స్త్రీ మాట: “మా అన్నకు ఇనుములేశారు, ఏం చేశాడని?” ఆ వాక్యం భద్రతాధికారుల కంటబడిందని, మధ్యాహ్నంలోగా వస్తున్నారని ముద్రణాలయం నుండి కబురందింది. ఫెరిదే గారు ఆ చీటీని మాకు కనబడకుండా బోర్లించి, చింపి, భోజనానికి తెచ్చుకున్న పాలకూర రొట్టె బురెక్‌లో కలిపి నమిలి మింగారు. అదే వాక్యాన్ని కొత్త చీటీపై వ్రాసి, అడుగున తమ పేరే పెట్టారు.

“ఎవరన్నారమ్మా ఈ మాట?” అన్నాడు వచ్చిన అధికారి.

“నేనేనండి.”

“నీకు అన్నున్నాడా?”

“లేడండి. ఉదాహరణ రాయడానికి అన్నెందుకు?”

అతడు నవ్వలేదు. “సిరా ఇంకా తడారలేదే!” అంటూ పక్క బల్ల దగ్గరున్న నా వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు. పాత చీటీ మీద ఎవరి పేరుంది?”

“చూళ్ళేదండి.”

నిజంగానే చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేవాడినే. ఆ సంగతి ఫెరిదే గారికి తెలుసు.

దరిమిలా వారు శిక్షగా మూడేళ్ళు ఇటుకల బట్టీలో పనిచేశారు. 1978లో తిరిగి వచ్చి, క్రమంగా సంపాదకురాలై, మా అందరికీ ఓపికగా పని నేర్పి చేయించారు. ఆ సంవత్సరాలన్నీ మెట్లపై బూట్ల చప్పుడైతే చాలు, వ్రాస్తున్న చీటీని బోర్లించేసేవాడిని.

కొత్త ముద్రణలో ఆ స్త్రీ పేరు చేర్చుదామని గతవారం అడిగాను.

“ఆ కమ్యూనిస్టు ప్రభుత్వం పోయి ఎనిమిదేళ్ళయింది కదండీ, ఇంకా భయమెందుకు?”

వారు లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చారు. “ఆవిడకి పిల్లలున్నారయ్యా పాండేలీ,” అన్నారు. పేరు మాత్రం చెప్పలేదు.

ఫెరిదే గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు జీవించాలని, ఎవరు తలుపు తట్టినా వారి గుండె అదరని రోజు త్వరలోనే రావాలని మనసారా కోరుకుంటున్నాను. నాకైతే ఆ రోజు ఇంకా రాలేదు.