ఇరవై నాలుగు సాంచెలు

వలస నేత కార్మికులుండే కోసాడ్‌లోని ఒక గదిలో, షిఫ్టుకు పోయే వేళ దాటినా ఇంట్లోనే ఉన్న తండ్రి కూతురికి ఎక్కం చెబుతున్నాడు.

"ఎనిమిది మూళ్ల?"

"ఇరవై నాలుగు. భాగహారమే సమజైతలేదు బాపు. బడిల గుజరాతీల చెప్తరు."

"మా కార్ఖానల బట్ట నేసే సాంచెలు ఇరవై నాలుగున్నయి. ఒక్కొక్కలం ఎనిమిది నడిపితే ఎంతమందిమి?"

"ముగ్గురు."

"శేషం?"

"సున్నా."

"శెబ్బాష్. ఇగ ఒక్కొక్కలు పన్నెండు నడపాలె అన్నడు సేఠ్. ఇప్పుడు చెప్పు."

"పన్నెండు రెండ్ల ఇరవై నాలుగు. ఇద్దరు సాలు!"

"శేషం?"

"సున్నా. లెక్క సరిపోయింది బాపు."

"సరిపోయింది."

"మరి ఆ మూడో ఆయన ఏడికి పోయిండు?"

"ఏడికి పోతడు బిడ్డా? గీడనే కూసోని నీకు ఎక్కం చెప్తుండు."