మొదటి రోజు గడి

జైల్లో కౌన్సెలింగ్ గది. కోపం తగ్గించే తరగతులకు ఇవాళ ఆఖరి రోజు. బల్లకు ఇటు కౌన్సెలర్, అటు శిక్ష పడ్డ వడ్రంగి.

“కాదయ్యా, నీ కోపం తగ్గలేదు.”

“నాకు కోపం లేదు కదా సార్.”

“అదే నా తలనొప్పి. మొదటి రోజు పరీక్షలో నీ కోపం పదికి రెండు. ఇవాళా రెండే. ఈ పన్నెండు వారాలూ నేను ఎవరికి చెప్పినట్టు? గోడకా?”

“బాగా చెప్పారు సార్. ఊపిరి పీల్చడం, పది లెక్కపెట్టడం...”

“బాగా చెప్తే తగ్గాలిగా. ఆ లారీ డ్రైవర్ని చూడు. మొదటి రోజు పదికి పది. ఈ బల్ల తిరగేశాడు. ఇవాళ రెండు. మనిషంటే అలా ఉండాలి.”

“నిన్న కూడా తిరగేశాడు సార్. భోజనాల దగ్గర.”

“అది నా క్లాసులో కాదుగా. నీ సంగతి చూడు. ఫారంలో కనీసం ఐదు మార్కులు తగ్గితేనే పాసు. పాసైతేనే మూడు నెలల శిక్ష మాఫీ. లేదంటే సోమవారం విడుదల లేదు.”

“సోమవారం వెళ్లాలి సార్. తప్పదు.”

“ఏంటంత తొందర?”

“పని ఉంది.”

“ఏం పని?”

“సగంలో ఆగిపోయిన పని సార్.”

“అయితే నా మాట విను. ఇప్పుడు ఒక్కసారి కోప్పడు. అది మొదటి రోజు గడిలో వేసుకుంటాను.”

“ఎవరి మీద సార్?”

“నా మీదే. ఇదిగో, నీకు వడ్రంగం రాదు. నువ్వు చేసిన ఈ కుర్చీ కుంటిది.”

“కుర్చీ బాగానే ఉంది సార్. మీ గది నేలే ఎగుడుదిగుడు. కాలి కింద అట్టముక్క పెట్టనా?”

“వద్దు, కూర్చో. నువ్వో దద్దమ్మవి. మీ ఇంటిల్లిపాదీ దద్దమ్మలే.”

“అయ్యుండొచ్చు సార్.”

“అయ్యుండొచ్చేంటయ్యా? ఇంటివాళ్లను అన్నా చీమ కుట్టినట్టయినా లేదా? ఉప్పూ కారం తినే మనిషివేనా అసలు? నీలాంటోణ్ణి నా సర్వీసులో...”

“సార్, ఊపిరి పీల్చండి.”

“నాకే చెప్తున్నావా?”

“మెడ మీద నరం ఉబ్బింది సార్. ఒకటి... రెండు... మూడు...”

“ఆపు. ఆపవయ్యా. ఆ నీళ్లు ఇటివ్వు.”

“తీసుకోండి. మెల్లగా తాగండి.”

“నా కోపమే ఇప్పుడు తొమ్మిది ఉంటుంది.”

“అదే వేసేయండి సార్. నా గడిలో.”

“పైవాళ్లు అడిగితే?”

“నాదే అంటాను.”

“సరే. తొమ్మిది నుంచి రెండు. సంతకం పెట్టాను, ముద్ర కూడా కొట్టాను. హమ్మయ్య. ఇప్పుడు మనలో మన మాట. కాగితంలో ‘కుటుంబ తగాదా’ అని ఉందంతే. సొంత అక్క మొగుణ్ణి ఎందుకు కొట్టావు?”

“కోపంతో మాత్రం కాదు సార్. కోపంగా ఉంటే నేను సుత్తి ముట్టను. దెబ్బ పక్కకి పోతుంది.”

“మరి?”

“నెల్లాళ్లు ఆలోచించాను. ఒక ఆదివారం వెళ్లాను. కుడి మోచేతి మీద ఒక్కటే వేసి వచ్చేశాను.”

“నెల్లాళ్లా? ఇన్నాళ్లూ చెప్పలేదేం ఈ మాట?”

“మీరు కోపం గురించే అడిగారు సార్.”

“సర్లే. జరిగిందేదో జరిగిపోయింది. ఇంతకీ మీ బావ చెయ్యి బాగైందా?”

“లేదట. పైకి లేవట్లేదని అక్క ఉత్తరం రాసింది.”

“పాపం. మరి పనులవీ ఎలా చేసుకుంటున్నాడట?”

“ఎడమ చెయ్యి అలవాటు చేసుకున్నాడట సార్. అన్నానికీ, సంతకానికీ, అక్కను కొట్టడానికీ.”