నేపుల్స్‌ల జొన్నరొట్టె

"సుదర్శనూ! ఓ జహాజ్ సుదర్శనూ! గిటు రా, నేపుల్స్ ముచ్చట జెప్పు!" శివమ్మత్త చాయ్ బండి కాడికెల్లి వీరన్న మామ కేకేసిండు.

ఓడెక్కి ఇటలీ దాంక పోయొచ్చిన్నని చెప్పినప్పటి సంది ఊర్లె నాకు గదే పేరు. పోయి బెంచీ మీద కూసున్న. శివమ్మత్త బిడ్డ మమత చాయ్ వడపోస్తున్నది. రేపు న్యాల్‌కల్ సంబంధపోళ్లు ఆమెను చూడనీకి వస్తున్నరు. ఇయ్యాల అత్త కండ్లకు నేను పెద్దగ కనవడకపోతే నా బతుకు ఆగమే.

"ఏమున్నది మామా, జహాజ్ దిగంగనే ఒక సన్నటి గల్లీల పడ్డ. ఈ మేడకూ ఆ మేడకూ నడుమ తాళ్లు, తాళ్ల మీద ఊరందరి బట్టలు. ఆకలైతే ఒక భట్టి కాడ పిజ్జా దిన్న. మంచిగనే ఉన్నది గని ఉప్పుకారం లేదు. భట్టోన్ని జర జరుగుమని, అదే భట్టిల జొన్నరొట్టె కాల్చి, ఎల్లిపాయ కారం రాసిచ్చిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"ఏమైతది, కడుపు నొచ్చుంటది," అన్నది శివమ్మత్త.

"భట్టోడు ఏడ్సిండత్తా, సంతోషంతోని! వాసనకు గల్లీలు గల్లీలే కదిలొచ్చినయ్, లైను కోట కాడికెల్లి ఓడరేవు దాంక! రాజుల కాలం నాటి చర్చీల గంటలు వాటంతటవే మోగినయ్. ఊరి పక్కన అగ్గికొండ ఒకటి పండుకొని ఉంటది సూడు, నా కారం ఘాటు తగిలి ఒక్క తుమ్ము తుమ్మింది!"

"మరి ఊరు కాలలేదార?" అన్నడు మామ.

"ఎట్ల కాల్తది? ఇంకో రొట్టె ఇసిరిన. నోరు మూసుకున్నది."

మామకు చాయ్ పొలమారింది. అత్త మాత్రం నవ్వలే. "గంత పెద్దోనివైతివి, ఇగ సముద్రాల మీదనే ఉంటవు. ఆ న్యాల్‌కల్ పిలగాడే నయం, కేకేస్తే పలుకుతడు."

నా ఎత్తు నాకే ఎదురు తిరిగింది. అయినా నోరు ఆగుతదా?

"కోట ముచ్చట చెప్పనే లేదు గదత్తా! అది సముద్రం నడిమిట్ల ఉంటది, దారి నీళ్లల్ల మునిగింది. నేను పోయి నిలవడంగనే సముద్రం ఎనుకకు జరిగి దారిచ్చింది!"

మమత అప్పుడు తలెత్తింది. మెత్తగ అడిగింది, "ఆ దారి పొంటి గులాబీ పూలు, చాదర్లు అమ్ముతరా?"

ఆమె అడిగితే లేదని ఎట్లంట? "మస్తు అమ్ముతరు!"

"లోపట ఖవ్వాలీ పాడుతరా?"

"పొద్దుందాంక పాడుతరు!"

"నేపుల్స్‌లనా?"

చాయ్ తాగేటోళ్లందరు బెంచీలు దద్దరిల్లేటట్టు నవ్విన్రు.

"అది బొంబాయిల హాజీ అలీ దర్గా," అన్నది మమత. "అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాలన్న మొక్కుకు నిరుడు మేమూ పోయినం, నీళ్లు తగ్గేదాంక ఒడ్డునే కూసున్నం. నువ్వు బొంబాయి దాటలే."

"దాటలే," అన్న తల దించుకొని. "హోటల్ల రొట్టెలు కాల్చిన. నేపుల్స్ ఫోన్ల సూసిన."

"మరి జహాజ్?" అన్నది అత్త.

"ఒడ్డు మీదికెల్లి సూసిన."

తిడుతదనుకున్న. అత్త "హమ్మయ్య" అని స్టూలు మీద కూలవడ్డది. మమత గిన్నె దించి, చున్నీతోని చేతులు తుడుసుకొని, అందరి ముందట అన్నది:

"అమ్మా, రేపు ఆళ్లను రావద్దను. ఈయన నిజంగనే సముద్రం దాటిండేమోనని నాకు నిద్ర పడుతలేకుండె. నాకు ఈయననే ఇష్టం."