రెండేళ్లకు కారే బండి

బాతెల్ ఊరి దగ్గర, లోపలే వండుకుని పడుకుంటూ ఊళ్లు తిరిగే ఆర్‌వీ బళ్లు అమ్మే చోట, చిన్న ఇల్లంత కొత్త బండిలో భార్యాభర్తలు ఇద్దరే ఉన్నారు. ఆయన వేలి కణుపులతో గోడలు తట్టి వింటున్నాడు.

“ఇక్కడ బోలుగా మోగుతోంది, విన్నావా? లోపల చెక్క సరిగ్గా అతుక్కోలేదు.”

“ఆర్టీసీ వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు బస్సులు తట్టిన చెయ్యి. ఊరుకోమంటే ఊరుకుంటుందా?”

“టాపు అంచుకి నీళ్లు దిగకుండా వేసే సీలెంట్ కూడా సగమే పట్టించారు. ఇంత కొత్త బండికి.”

“పోయినేడు చూసిన నాలుగింటికీ ఇలాగే వంకలు పెట్టారు. ఏదో ఒకటి కొనుంటే ఈపాటికి గ్రాండ్ కాన్యన్ చూసొచ్చేవాళ్లం.”

“అప్పుడు తొందరేముందిలే అనుకున్నాను.”

“నేనూ అలాగే అనుకున్నాను.”

“కీమో ఆపేశాక డాక్టరు నాకు ఎన్ని నెలలన్నాడు? ఆరా?”

“మీరూ విన్నారుగా. నాతో చెప్పించకండి.”

“అది కాదే. ఈ టాపు రెండేళ్లలో కారుతుంది. అప్పుడు నువ్వు ఒక్కదానివే అవస్థ పడాలి.”

“కారనివ్వండి. కారినప్పుడు కింద గిన్నె పెట్టడానికి మీరుంటే చాలు నాకు.”

ఆయన చెయ్యి గోడ మీదే ఆగిపోయింది.

“బయటున్న ఆ సేల్స్ అమ్మాయిని పిలువు. సంతకం పెడదాం.”