సర్వరు పొమ్మంటన్నాది

విజయనగరంలో పెద్ద మందుల కొట్టు. అక్కడ వదిన రాజకుమారి. బొబ్బిలి బ్రాంచిలో మరిది వెంకటసాయి. ఇద్దరి మధ్యా ఫోను.

“మళ్ళీ కొట్టినాను వదినా! మళ్ళీ అదే. లాగిన్ ఫెయిల్డ్ అంటన్నాది. పొద్దున్నుంచీ ఒక్క బిల్లు కొట్టనేదు నేను.”

“పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టు, సాయీ.”

“సరిగ్గానే కొట్టినాను. క్యాప్స్ లాక్ సూసినాను. కంప్యూటరు ఆపి మళ్ళీ ఆన్ సేసినాను. పక్క కంప్యూటర్లో కూడా కొట్టినాను. ఇంకేటి సెయ్యమంటావు?”

“నెట్టు ఉన్నాదా?”

“నెట్టు ఉన్నాది! అక్కడి సర్వరు పలుకుతన్నాది కూడా. పలక్కపోతే అదో దారి. పలికి మరీ, నువ్వెవడివి, పొమ్మంటన్నాది! ఇటు సూస్తే కొట్టు నిండా జనం. బీపీ మాత్రలకొచ్చినోళ్ళు నన్ను తిడతన్నారు.”

“బిల్లు కొట్టకుండా ఏదీ ఇయ్యకు.”

“సేత్తో రాసిద్దామన్నా ఏ మందు ఎంతున్నాదో నాకేటి తెలుసు? అంతా నీ దగ్గిరున్న ఆ సర్వర్లోనే కదా! అక్కడే కూకున్నావు, సూడు ఒకపాలి.”

“సూస్తన్నాను.”

“ఇందాకట్నుంచీ సూస్తన్నాను, సూస్తన్నాను. ఏటి సూస్తన్నావు?”

“అరవకు.”

“అరుస్తాను! హరిబాబుకి ఫోన్ సేసినాను. ఈ ప్రోగ్రాం రాసినోడు, ఆడికి తెలీదేటి? ఏటన్నాడో తెలుసా? పాస్‌వర్డ్ తప్పు కాదంట. సర్వర్లో నా పేరునే ఎవులో ఆపీసినారంట.”

“అలాగన్నాడా.”

“అలాగన్నాడా, ఏటి! అన్నియ్యకి మౌసు పట్టడం కూడా రాదు. ఆ సర్వరు జోలికెళ్ళేది నువ్వొక్కదానివే. ఎవులాపినారు? పలకవేటి వదినా?”

“నేనే ఆపినాను.”

“ఆపి… నువ్వే ఆపి, ఏటీ తెలీనట్టు నెట్టు సూడు, పాస్‌వర్డ్ సూడు అంటావా?”

“నీ అంతట నువ్వే సెప్తావేమోనని సూసినాను.”

“నేనేటి సెప్పాల? నన్ను గెంటీసి, ఈ బ్రాంచి మీ తమ్ముడికి కట్టబెడదామనే కదా! అన్నియ్యకేటి నూరిపోసినావు? సెప్పు!”

“నోర్ముయ్! అసిరమ్మ తెలుసా నీకు?”

“ఏ అసిరమ్మ?”

“మనవరాలికి జొరమని మొన్న నీ దగ్గిర సిరప్ కొన్నాది. పట్టినా జొరం తగ్గనేదు. ఫిట్సొచ్చినాయి. పిల్లని ఇక్కడ పెద్దాస్పత్రిలో ఏసినారు. ఆవిడ సీసా, బిల్లూ నాకు తెచ్చి సూపించినాది. సీసా మీద గడువు ఎప్పుడో అయిపోనాది, సాయీ. నీ బిల్లు మీద మాత్రం ఇంకా ఏడాదున్నాది. ప్రోగ్రాంలో ఆ తేదీ మార్చిందెవులు?”

“అదా… అది పొరపాటున పడుంటాది.”

“ఒక్క సీసాకైతే పొరపాటు. అలమారెడు మందులకీ పొరపాటేనా? అందుకే నీ పేరు ఆపినాను. ఆ కొట్లోంచి ఇంకో సీసా బైటికెళ్ళకూడదు.”

“మెల్లగా మాటాడు వదినా. ఇను. అంత సరుకూ పారబోసినానంటే అన్నియ్య నన్ను బతకనిస్తాడా?”

“ఆ పిల్లకేటైనా అయితే?”

“ఏటవుతాది? గడువు దాటగానే మందు ఇసమైపోతాదేటి? ముందు నా లాగిన్ తెరువు, ఆ తేదీలు మళ్ళీ మునుపున్నట్టే దిద్దీసుకుంటాను. అసిరమ్మకి సదువా, సంజా? తేదీ ఏటో, బిల్లేటో ఆవిడికేటి తెలుసు? దేవుడు సూసుకుంటాడని నాలుగు మాటలు సెప్పి పంపీ. ఆ సీసా మాత్రం లాగీసుకో.”

“నువ్వే సెప్పు, సాయీ. ఆవిడ నా ఎదురుగానే కూకున్నాది. ఫోను మొదట్నుంచీ స్పీకర్లోనే ఉన్నాది.”