పద్మలత నంబరు

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) షెడ్డు వెనుక ఇల్లు. మిట్టమధ్యాహ్నం. మగ్గం నడిపే కైలాసంతో, కరీంనగర్ కాలేజీ నుంచి వచ్చిన యాస్మీన్ మాట్లాడుతోంది.

"గట్ల కాదు కాకా, కారణమన్న చెప్పుండ్రి. మీరిచ్చే స్కాలర్‌షిప్ మీదనే నా జర్నలిజం సదువు నడుస్తుంది. మీరు బందు పెట్టుమంటే నేను చెన్నూరుకు పోయి ఇంట్ల కూసునుడే."

"కూసోమంటలే."

"మల్ల ఏం చెయ్యాలె?"

"చాయ తాగుతవా?"

"చాయ కాదు కాకా. నా రాత మంచిగ లేదా? మేడమైతే మంచిగున్నదన్నది."

"ఏ మేడం?"

"పద్మలత మేడం. స్కాలర్‌షిప్ నోటీసుల ఆమె నంబరే ఉండె. కథలు రాసి పంపుత, సదివి జవాబిస్తది."

"అది నా బిడ్డ."

"ఇంట్లున్నదా? జర పిలువుండ్రి. ఆమెనే చెప్తది మీకు."

"లేదు."

"ఊరికి పోయిందా?"

"లేదు బిడ్డా. లేదు. పేపర్ల విలేకరి ఉండె. గోదారి వరద ఫోటోలు తీయనీకి పోయింది. మీ చెన్నూరు దిక్కే. బండి గట్టు మీదనే ఉండె."

"యా అల్లా."

"అది పోయినంక అచ్చిన పరిహారం పైసలు తినబుద్ధి కాలే. రాసేటోళ్లకు ఇయ్యుండ్రని కాలేజిల ఇచ్చినం."

"నాకెవ్వరు చెప్పలే కాకా. బోర్డు మీద స్మారకం అని సుత లేదు."

"దాని అవ్వ రాయనియ్యలే. నోటీసుల బిడ్డ నంబరే ఎయ్యుమన్నది."

"మరి నాకు జవాబులు..."

"ఏమని అస్తయ్?"

"కథల ముసలామెను చంపకు, బతకనియ్యి అని. ఒకనాడు పొద్దుగాల్నే... 'తిన్నవా' అని."

"తిన్నవా అనా."

"ఔ."

"నీకు సుత రాసిందా గట్ల."

"సుత అంటే? కాకా, మీకు..."

"సాంచ కాడ కూసోని ఫోన్ల మాట్లాడుత. గదే అక్షరాలు రాసుకుంటది. పంపుత. 'తిన్న బాపు, నువ్వు పండుకో' అంటది. కూడబలుక్కొని సదువుకుంట. నాది మూడో తరగతి."

"ఆమె ఫోను ఏడున్నది?"

"బీరువల. తాళం దాని అవ్వ కాడ."

"మరి పెద్దమ్మనే..."

"ఆమెకు అక్షరం ముక్క రాదు."

"మీకు భయం కాలే?"

"బిడ్డకు భయమేంది?"

"మరి నా స్కాలర్‌షిప్ ఎందుకు బందు పెట్టుమంటిరి?"

"నువ్వు రాసుడు షురువైనంక నాకు జవాబులు తక్కువైనయ్. నిన్న అసలే రాలే. గందుకే బందు పెట్టుమన్న. నీ మీద కోపం లేదు. అది ఒక్కతే గదా. ఇద్దరికి ఏడ రాస్తది?"

"నేనిగ రాయ కాకా. ఒట్టు. సదువు మాత్రం ఆపకుండ్రి."

"దారం తెగినట్టున్నది. చూసొస్త. కూసో."

"పోయిండా మా ఆయన? నేను పద్మలత అవ్వను."

"పోయిండు పెద్దమ్మా. ఇప్పుడే."

"నువ్వు యాస్మీన్‌వు గదా? చంపకు అంటే ముసలామెను మల్ల చంపినవేందే?"

"మీరా! మీరేనా నాకు రాసింది?"

"మెల్లగ. ఇనపడ్తది."

"మీకు సదువు రాదన్నడు కాకా."

"బిడ్డ నేర్పింది. ఆయనకు చెప్పలే మేము."

"మరి కాకాకు సుత..."

"నేనే. అన్నం ముట్టకుండ పండుకున్నడు ఒకనాడు. 'తిను బాపు' అని రాసిన. లేసి తిన్నడు. తిన్నంక ఎట్ల బందు పెట్టుదు చెప్పు?"

"మరి ఎందుకు తక్కువ చేసిండ్రు?"

"నీ కథలే గదనే! గింత పొడుగు రాస్తవ్. సదివేసరికి కండ్లల్ల నీళ్లు కారుతయ్. ఆయనకు రాయనీకి చూపు ఉంటలేదు. చూపు పోతున్నదని ఎవ్వలకు చెప్పలే."

"పెద్దమ్మా..."

"దాని లెక్క రాసి రాసి, అసలు అదెట్ల మాట్లాడుతుండెనో మర్సిపోతున్న బిడ్డా. ఇగ నాతోని కాదు. నిన్ననే ఫోను బందు చేసిన. ఇగో పట్టు. నీతోని పట్టుకపో."

"వద్దు. కాకా అడిగితే?"

"అడగడు. నాలుగు దినాలు ఎదురుచూస్తడు. ష్... అస్తుండు. సంచిల పెట్టు, పెట్టు."

"బాలలక్ష్మీ! ఏయ్ బాలలక్ష్మీ! అచ్చిందే!"

"ఏమచ్చిందయ్యా?"

"బిడ్డ రాసింది. గిప్పుడే! కూడబలుక్కునే ఓపిక లేదు. జర నువ్వు సదువు యాస్మీన్."

"ఇటియ్యుండ్రి కాకా... నంబరు... మేడందే."

"సదువు, సదువు."

"'పిల్లను సదువుకోనియ్యి బాపు. అవ్వకు కండ్లు కనపడ్తలేవు, జర దవాఖాన్ల చూపియ్యి.'"

"ఇన్నవా? అదే చెప్పినంక నేనేమంట. నీ స్కాలర్‌షిప్ ఆగది పో బిడ్డా. ఏందే బాలలక్ష్మీ, నీకు కండ్లు కనపడ్తలేవా? నాతోని ఒక్కమాట చెప్పకపోతివి. ఆగు, అంగీ ఏసుకస్త."

"ఏమే యాస్మీన్... నువ్వేనా రాసింది? సంచిల చెయ్యి పెట్టి?"

"లేదు పెద్దమ్మా. చూడుండ్రి. గీ ఫోను ఇంకా బందే ఉన్నది."